పదాంతరం ఐదు వందలు

గిన్నెల సబ్బు సీసాలో అడుగున మిగిలిన కాస్త చిక్కటి ద్రవంలో ఆమె మళ్లీ నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా కుదిపింది. నురగ వచ్చింది. నురగ వచ్చినంతకాలం దాన్ని సబ్బనే అనాలి, వేరే దారి లేదు. పాలలోనూ నీళ్లే, సబ్బులోనూ నీళ్లే, ఇక మిగిలింది నీళ్లలో నీళ్లు కలపడమే అనుకుని తనలో తను నవ్వుకుంటుండగా భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి ఫ్రిజ్ మీద నోట్లు పెట్టాడు.

"ఎనిమిది వేలు," అన్నాడు. "ఈ నెల ఇంకో ఐదొందలు తగ్గించాను. దుకాణం సంగతి నీకు తెలుసు కదా. సర్దుకో."

"పోయిన నెలే చాలలేదండీ."

"చాలకపోవడమేంటి? పైన మరదలు కిక్కురుమనకుండా నడుపుకుంటోంది. డిగ్రీ కూడా పూర్తి చెయ్యలేదు ఆ అమ్మాయి. నువ్వేమో ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పేదానివి. ఇంటి లెక్క నీకు నేను చెప్పాలా?"

జవాబు కోసం ఆగకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయనకి ఆ అలవాటు మొదటినుంచీ ఉంది, ప్రశ్న ఇంట్లో పడేసి జవాబు వచ్చేలోగా వీధిలో ఉంటాడు. ఐదు వందలు పోయినందుకు ఆమెకి పెద్ద బాధ కలగలేదు. 'మరదలు' అన్నప్పుడు ఆయన గొంతు కాస్త మెత్తబడింది. అక్కడ మండింది. పెళ్లయిన పదిహేడేళ్లలో తన ప్రస్తావన వచ్చినప్పుడు ఎవరి దగ్గరైనా ఆ గొంతు అలా మెత్తబడి ఉంటుందా అని ఆలోచిస్తూ గిన్నెలన్నీ తోమేసింది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే రంగుల దుకాణం. గోడల రంగులు, బ్రష్షులు, తలుపులకి పూసే వార్నిష్ అమ్ముతారు. ఇల్లూ ఒకటే. కింది వాటాలో పెద్దవాడి కాపురం, పై వాటాలో చిన్నవాడిది. వంటలు మాత్రం వేరు. ఒకటో తారీఖున దుకాణం గల్లాపెట్టెలోంచి రెండు వంటిళ్లకీ డబ్బు వస్తుంది. అత్తగారు పదిహేను రోజులు కింద, పదిహేను రోజులు పైన భోంచేస్తుంది, భోంచేసిన చోట చూసిందంతా రెండో చోట చెబుతుంది. ఏడాది కిందటి వరకు రెండిళ్లకీ చెరో పద్నాలుగు వేలు ఇచ్చేవారు. ఓ నెల ఐదొందలు తగ్గించి "ఈ ఒక్క నెలకే" అన్నాడు భర్త. మరుసటి నెల ఇంకో ఐదొందలు తగ్గించినప్పుడు ఏమీ అనలేదు. ఆ తర్వాత నుంచి ఆయన ఏదైనా అనడం, ఆమె ఏదైనా అడగడం రెండూ తగ్గిపోయాయి. డబ్బు మాత్రం నెలనెలా ఠంచనుగా ఐదొందలు చొప్పున దిగుతూ వచ్చింది. ఇది పన్నెండో కోత.

ఆమె బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఇంట్లో అందరూ ఆమెని "టీచరమ్మ" అంటారు. బయటివాళ్లు అంటే అది గౌరవం, ఇంట్లోవాళ్లు అంటే వెటకారం. జీతం బ్యాంకులో పడ్డ రోజే ఇంటి అప్పు వాయిదాకి పోతుంది. ఇల్లు మాత్రం అన్నదమ్ముల పేరిట ఉంది. ఆమె చేతికి వచ్చే సొమ్మంటే సాయంత్రం ముందుగదిలో చెప్పే ట్యూషన్లదే. అది ఆమె ఒక పని కోసం దాచుకుంటోంది. ఉపాధ్యాయ శిక్షణ సర్టిఫికెట్ లేకుండానే పదకొండేళ్లుగా పాఠం చెబుతోంది. ఇక అలా కుదరదని బడివాళ్లు చెప్పేశారు. సెలవుల్లో వెళ్లి చదువుకునే శిక్షణ ఒకటుంది, దాని ఫీజు ముప్పై ఎనిమిది వేలు. ఈ నెలాఖరులోగా కట్టకపోతే వచ్చే ఏడాది నుంచి పదో తరగతి ఆమెది కాదు. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకోవాలి, జీతం కూడా ఆ తరగతికి తగ్గట్టే ఉంటుంది.

ఏడాది కిందట లెక్కేసుకున్నప్పుడు ఈ నెలకి ఫీజు చేతిలో ఉండాలి. ఇప్పుడు చూస్తే చేతిలో ఏమీ లేదు. వంటింట్లో తగ్గినదంతా ట్యూషన్ డబ్బుతో పూడ్చింది. పూడ్చకుండా ఊరుకోవచ్చు. భర్త ముందు ఖాళీ డబ్బా పెట్టి "అయిపోయింది" అనవచ్చు. అనలేకపోయింది. అంటే ఆ మాట అత్తగారి నోట పైకి వెళుతుంది. "పెద్దది నడపలేక చేతులెత్తేసింది" అని చిన్నకోడలు వింటుంది. విని నవ్వుతుంది. ఆ నవ్వు ఊహించుకుంటేనే ఆమెకి చెవులు వేడెక్కేవి. ఆ నవ్వు రాకుండా ఉండడానికి నెలనెలా తన చదువులోంచి ఒక్కో ముక్క తెంచి పొయ్యిలో పెట్టింది.

అది అసూయే. దానికి ఆత్మగౌరవమనో, పట్టుదలనో పేరు పెట్టుకునే ఓపిక కూడా ఆమెకి లేదు. ఏడాదిగా ఆమె కళ్లు పైకే ఉన్నాయి. పై వాటా కిటికీలకి కొత్త కర్టెన్లు వచ్చాయి. కుట్టుమిషనుకి మోటారు వచ్చింది, మధ్యాహ్నం పూట ఆ చప్పుడు కింది గదిలోకి దిగి చెవిలో ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది. అత్తగారు కిందికి రావడానికి ముందు రోజల్లా పైనుంచి నూనెలో ఏదో వేగుతున్న వాసన వస్తుంది. మర్నాడు అత్తగారు కింద కంచం ముందు కూర్చుని, కూర కలుపుతూ, ఎవరినీ ఉద్దేశించనట్టు అంటుంది: "చిన్నదాని చెయ్యి పెద్దదమ్మా. ఎంత వేసినా ఇంకాస్త వేసుకోండత్తయ్యా అంటుంది. పాలు కూడా అక్కడ చిక్కగా ఉంటాయి."

"పాలవాడు ఒకడే కదత్తయ్యా," అంది ఆమె ఒకసారి.

"వాడు ఒకడేనమ్మా. పోసే చేతులు రెండు."

ఆ రోజు ఆమె తన కంచం సగంలోనే ఎత్తేసింది.

ఆ వారమే పదో తరగతిలో శ్రేఢుల పాఠం వచ్చింది. "ఒక్కో మెట్టుకీ ఒకే మొత్తం పెరిగినా, ఒకే మొత్తం తగ్గినా దాన్ని అంకశ్రేఢి అంటాం. ఆ మొత్తం పేరు పదాంతరం," అని చెప్పి ఉదాహరణ కోసం బోర్డు వైపు తిరిగింది. చేయి దానంతట అదే రాసుకుపోయింది. పద్నాలుగు వేలు, పదమూడున్నర వేలు, పదమూడు వేలు, పన్నెండున్నర వేలు. రాశాక వెనక్కి జరిగి చూసుకుంది. తన వంటిల్లు మొత్తం అందరికీ కనిపించేలా బోర్డెక్కి కూర్చుంది.

"ఇదేంటి టీచర్?" అంది ఒక పిల్ల.

"ఒక ఇంటి ఖర్చు. నెలకి ఐదొందలు తగ్గుతోంది."

మూడో బెంచీలో ఆమె కూతురే కూర్చుని ఉంది. బడిలో అందరిలాగే "టీచర్" అంటుంది, ఇంటికి రాగానే "అమ్మా" అంటుంది. ఆ పిల్ల తల వంచుకుని గబగబా ఏదో గీకి, చెయ్యెత్తింది. "టీచర్, ఇరవై తొమ్మిదో పదం సున్నా వస్తుంది."

"సున్నా వస్తే ఆ ఇంట్లో ఏం తింటారు?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "అన్నం మీద సున్నా వేసుకుని తింటారు," అని ఇంకెవరో అన్నారు. తరగతంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కూతురు మాత్రం నవ్వలేదు. బోర్డు మీది మొదటి అంకెని గుర్తుపట్టినట్టు దాన్నే చూస్తూ ఉంది.

"ముప్పయ్యో పదం ఎంత?" అని అడిగింది ఆమె, పాఠం పాఠమే కాబట్టి.

"మైనస్ ఐదొందలు టీచర్. అంటే ఇంటావిడే ఎదురివ్వాలి."

ఇంటావిడ రెండో పదం నుంచే ఎదురిస్తోందని ఆమె చెప్పలేదు. గంట కొట్టారు.

టీచర్ల గదిలో సైన్స్ టీచరు కొత్త ఫైలులో ఫీజు రసీదు పెట్టుకుంటూ కనిపించింది. "మా ఆయనే కట్టేశారండీ. నేను అడగను కూడా అడగలేదు. పొద్దున్న లేచేసరికి ఫోనులో మెసేజీ ఉంది," అంది. మంచి పిల్ల. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. ఆ క్షణంలో ఆ రసీదు మీద టీ ఒలికితే బాగుండునని ఆమెకి నిండుగా అనిపించింది. ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, తలుపు దగ్గర నిలబెట్టే మాట్లాడింది. "మీకంటే బాగా లెక్కలు చెప్పేవాళ్లు నాకు దొరకరు. కానీ పైవాళ్లకి కాగితం కావాలి. నెలాఖరు గుర్తుంది కదా? ఫీజు విషయం మీవారితో మాట్లాడకపోయారా?"

తిరిగొచ్చే బస్సులో నిలబడి కమ్మీ పట్టుకుని ఆమె ఆలోచించింది. లెక్కలు రాని మనిషైతే ఎప్పుడో మేడెక్కి "నీకెంతిస్తున్నారే?" అని అడిగేసేది. ఆమెకి లెక్కలు వచ్చు కదా, అడగకుండా తేల్చేసింది. దుకాణం ఒకటే. రెండిళ్లకీ కలిపి వచ్చేది ఇరవై ఎనిమిది వేలు. కింద ఐదొందలు తగ్గిందంటే ఆ ఐదొందలు ఎక్కడికో పోవాలి. పైన కర్టెన్లు, పైన మోటారు, పైన వేపుళ్లు, పైన చిక్కటి పాలు. అంటే పైన పద్నాలుగున్నర, పదిహేను, పదిహేనున్నర వేలు. ఈ నెలకి ఇరవై వేలు. కింద ఎనిమిది, పైన ఇరవై. తేడా నెలకి వెయ్యి చొప్పున పెరిగి పన్నెండు వేలయింది. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే ఆమెకి ఆ బాధలో కూడా ఒక రకమైన తృప్తి కలిగింది. పుండుని గోకినప్పుడు ఉండే సుఖం. భర్త మెత్తటి గొంతుతో "మరదలు" అన్న మాట కూడా ఆ లెక్కలో సరిగ్గా వచ్చి కూర్చుంది. చిన్నకోడలి నవ్వు, ఆ పిల్ల పొడవాటి జడ, గుమ్మంలో నిలబడి "బావగారూ, కాఫీ తాగి వెళ్లండి" అనే తీరు, అన్నీ తలొక ఐదొందలుగా మారి వరసలో నిలబడ్డాయి. ఆమె దిగాల్సిన స్టాపు దాటి ముందుకెళ్లిపోయి, వెనక్కి నడిచి ఇల్లు చేరింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పై వాటాకి మారిపోయింది. మంచం మీద ఆవిడ దిండు మరిచిపోయింది. ఆ దిండు లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు, ఇల్లంతా వినిపించేలా నిట్టూరుస్తుంది. ఆమె దిండు చంకన పెట్టుకుని మెట్లెక్కింది. నిజం చెప్పాలంటే దిండు ఒక వంక. ఇరవై వేల వంటిల్లు ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని వెళ్లింది.

తలుపు తీసే ఉంది. అత్తగారు పక్కింటికి వెళ్లినట్టుంది, చెప్పులు లేవు. చిన్నకోడలు వంటింటి గట్టు దగ్గర నిలబడి కత్తెరతో పేస్టు ట్యూబుని నిలువునా చీలుస్తోంది. చీల్చి, లోపల అంటుకున్నదాన్ని చెంచాతో గీకి ఒక చిన్న మూతలోకి తీస్తోంది. ఎంత శ్రద్ధగా చేస్తోందంటే గుమ్మంలో మనిషి నిలబడ్డ సంగతి కాసేపటి వరకు గమనించలేదు.

గమనించాక కత్తెర వెనక్కి దాచుకుంది.

"అత్తయ్య దిండు," అంది ఆమె.

"అక్కడ పెట్టండక్కా."

ఆమె పెట్టలేదు. కళ్లు అరల మీదికి వెళ్లాయి. పప్పు డబ్బాలు గాజువి, లోపలున్నది దాచవు. ఒకదాంట్లో అడుగున రెండు గుప్పిళ్లు, ఒకదాంట్లో అదీ లేదు. నూనె సీసాని బోర్లించి గిన్నెలో పెట్టి ఉంచారు, చివరి చుక్కలు కారడానికి. ఇరవై వేల వంటిల్లు ఇలా ఉండకూడదు. ఆమె బుర్ర ఒప్పుకోలేదు. ఎక్కడో దాచి ఉంటారు అనుకుంది.

"నీకెంతిస్తున్నారు?" అనేసింది.

చిన్నకోడలి ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఎందుకు? కిందికెళ్లి బావగారికి చెప్పడానికా? ఇంకా ఎంత తగ్గించుకుంటారక్కా మీరు? మీకు జీతం ఉంది, ట్యూషన్లున్నాయి. ఇస్త్రీ బట్టలేసుకుని, బ్యాగు తగిలించుకుని బస్సెక్కి పోతారు. మీరు ఎంతలోనైనా నడుపుతారు. నేనెక్కణ్ణుంచి తేను? నెలనెలా మీరు 'ఇంత చాలు' అంటారు, ఆ మాట పట్టుకుని ఈయన నాకు కోస్తారు. 'కింద వదిన నోరెత్తకుండా సరిపెడుతోంది, ఉద్యోగం చేస్తూ కూడా. నువ్వు ఇంట్లో కూర్చుని నడపలేవా?' ఈ ఏడాదంతా ఇదే పాట. మీ పేరు వింటే నాకు ఒళ్లు మండిపోతోంది. చెప్పకూడదు గానీ, మీ బస్సు ఒక్కరోజైనా తప్పిపోతే బాగుండని మొక్కుకున్నాను."

"నేను చాలన్నానా?"

"అనలేదా?"

"ఎంతిస్తున్నారే నీకు?"

"ఎనిమిది వేలు."

దిండు చంకలోంచి జారి కింద పడింది. తీసే ఆలోచన ఎవరికీ రాలేదు. పెద్దకోడలు గట్టుకి ఆనుకుని నిలబడింది. బస్సులో కట్టిన లెక్క మొత్తం కళ్లముందు కూలిపోతోంది. కూడికలో తప్పులేదు, తీసివేతలో తప్పులేదు. రెండిళ్లకీ కలిపి వచ్చేది ఎప్పుడూ అంతే ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు, తనే అనేసుకుంది. లెక్కలో ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టు అనుకోవద్దని పిల్లలకి ఏటా గొంతు చించుకుని చెబుతుంది. ఆ తప్పే చేసింది. ఎందుకు చేసిందంటే, అలా అనుకుంటే తప్ప పైమనిషి మీద ఏడవడానికి వీలుపడదు.

"మరి ఆ వేపుళ్లు?" అంది.

చిన్నకోడలు తల దించుకుంది. "అత్తయ్య కిందికి వచ్చే ముందు రోజు చేస్తాను. ఆవిడ వచ్చి మీకు చెబుతుంది కదా."

"కర్టెన్లు?"

"కుట్టడానికి ఇచ్చినవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు. దగ్గరికొచ్చి చూస్తే నాలుగు రంగులు. కింద నుంచి చూస్తే తెలియదు."

"చిక్కటి పాలు?"

"ఆవిడ గ్లాసు వరకే చిక్కన. మిగతా అందరికీ నీళ్లే. మోటారు వాయిదాల మీద తీసుకున్నాను. రెండు వాయిదాలు కట్టలేదు, ఇవాళో రేపో పట్టుకుపోతారు. కుట్టుకూలి అంతా ఈ పొయ్యిలోనే పోసేశానక్కా. మీ ముందు ఓడిపోకూడదని."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కౌగిలించుకుని ఏడ్చే ఘట్టమేమీ జరగలేదు. ఏడాదిపాటు పెంచిన అసూయ అంత తేలిగ్గా పోదు. నిజానికి పెద్దకోడలి మనసులో మొదట మెదిలింది ఏంటంటే, ఈ పిల్ల చదువు లేకుండా, జీతం లేకుండా నాతో సమానంగా లాక్కొచ్చిందే అని. అదీ కుళ్లే. తర్వాతే జాలి వచ్చింది. ఆ వెనకే, ఇంకా నెమ్మదిగా, ఒక ప్రశ్న వచ్చింది. ఇక్కడా తగ్గి అక్కడా తగ్గితే డబ్బు ఏమవుతోంది?

"దుకాణం నిజంగా నష్టాల్లో ఉందంటావా?" అని అడిగింది.

"ఏమో. ఈయన మొన్న ఈల వేసుకుంటూ స్నానం చేశారు," అంది చిన్నకోడలు. "నష్టాల్లో ఉన్నవాళ్లు ఈల వేస్తారా?"

ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. అన్నదమ్ములిద్దరూ నవ్వుకుంటూ వచ్చారు, అందరూ కింద వాటాలోనే భోంచెయ్యాలన్నారు. చాలాకాలం తర్వాత రెండు వంటిళ్లూ ఒకటయ్యాయి, రెండిటి డబ్బాల్లో ఉన్నవి కలిపితే ఒక పూటకి సరిపోయింది. మరిది కంచం ముందు కూర్చుని ఒక గుడ్డసంచీ పక్కన పెట్టుకున్నాడు. భర్త అన్నం కలుపుతూ గొంతు సవరించుకున్నాడు.

"బస్టాండు దగ్గర రెండో దుకాణం తీసుకుంటున్నాం. రేపు అడ్వాన్సు ఇచ్చి సంతకాలు పెడతాం. ఎనభై వేలు. అంతా ఇదిగో, ఈ సంచీలో ఉంది. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఏడాదిగా మేమిద్దరం రూపాయి రూపాయి కూడబెట్టాం. మా చెమట ఇది."

"నా కొడుకులు," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

"ఎవరి పేరు మీద?" అని అడిగింది పెద్దకోడలు.

"మా ఇద్దరి పేరు మీద. ఇంకెవరి పేరు మీద పెడతారు?" అని భర్త నవ్వాడు. "టీచరమ్మకి అన్నీ సందేహాలే."

ఆమె ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. అన్నం మెతుకులంటిన వేళ్లు, నిండుగా నవ్వుతున్న ముఖం. ఈ మనిషికి ఒకటి కావాలనిపించింది. కావాలనుకున్నాడు, కూడబెట్టాడు, దానికి తన పేరు పెట్టుకుంటున్నాడు. మధ్యలో ఎవరినీ అడగలేదు, ఎవరి ముందూ తగ్గలేదు, ఎవరో నవ్వుతారని రాత్రిళ్లు నిద్ర మానుకోలేదు. ఏడాదిగా కడుపులో మండిన మంట అంతా ఒక్కసారి దిశ మార్చుకుంది. చిన్నకోడలి జడ మీద, సైన్స్ టీచరు రసీదు మీద వృథా చేసిన అసూయంతా తిరిగి వచ్చి ఆ ముఖం మీద వాలింది. ఇంత అసూయ ఆమె జీవితంలో ఎవరి మీదా పడలేదు. ఎంత సుఖంగా కావాలనుకోగలడీ మనిషి!

"ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే ఎంతే?" అని కూతుర్ని అడిగింది.

"డెబ్బై ఎనిమిది," అంది కూతురు అన్నం నోట్లో పెట్టుకుంటూ.

"భోజనాల దగ్గర కూడా పాఠమేనా వదినా?" అన్నాడు మరిది.

"చిన్న లెక్క. మొదటి నెల ఐదొందలు తగ్గింది. రెండో నెల ఇంకో ఐదొందలు తగ్గింది, అంటే ఆ నెల లోటు వెయ్యి. మూడో నెల పదిహేను వందలు. ఇలా పన్నెండు నెలలు. మీరు ప్రతిసారీ ఐదొందలేగా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అవి ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ పోయాయి. డెబ్బై ఎనిమిది ఐదొందలు ఎంతే?"

కూతురు నమలడం ఆపింది. "ముప్పై తొమ్మిది వేలమ్మా."

"రెండు వంటిళ్లు కదా."

"డెబ్బై ఎనిమిది వేలు."

అత్తగారు కోడళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది, తన కంచం పక్కనున్న పాల గ్లాసు వైపు కూడా ఓ చూపు చూసింది. మరిది సంచీని కొద్దిగా తనవైపు జరుపుకున్నాడు.

"ఇంట్లోది దుకాణంలోకి, దుకాణంలోది ఇంట్లోకి. ఇందులో మీరు, మేము అని ఏముంది?" అన్నాడు భర్త, నవ్వు పోని గొంతుతోనే. "అంతా మనదేగా. ఇద్దరాడవాళ్లూ పొదుపు చేశారు, మెచ్చుకుంటున్నాం. కాదన్నామా?"

"పొదుపు చెయ్యలేదండీ. తగ్గించిన మేరకి మా సొమ్ము పోసి నింపాం. నా ట్యూషన్ డబ్బు, దాని కుట్టుకూలి. మీకు కంచంలో ఏదైనా తగ్గిందా ఈ ఏడాదిలో? తగ్గనివ్వలేదు కదా."

"నాది అందులోనే ఉండనివ్వండి బావగారూ," అంది చిన్నకోడలు హఠాత్తుగా. కంచం పక్కకి జరిపింది. "కానీ రేపు రాసే కాగితంలో నా పేరు ఉండాలి. లేకపోతే నాది నేను తీసేసుకుంటాను."

"ఏంటే నువ్వు కూడా?" అన్నాడు ఆమె మొగుడు. ఆ పిల్ల అతని వైపు చూడలేదు.

పెద్దకోడలు లేచి ఎంగిలి చెయ్యి కడుక్కుంది. తుడుచుకుని వచ్చి మరిది పక్కన వంగి, సంచీ విప్పి, కట్టలు తీసి బల్ల మీద పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బోర్డు మీద రాసేంత తీరుబడిగా లెక్కపెట్టింది. ఆపడానికి చెయ్యి చాపిన మరిది, వదిన ముఖం చూసి ఆ చేత్తో మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. ముప్పై తొమ్మిది వేలు విడిగా పెట్టాక, అందులోంచి వెయ్యి తీసి తిరిగి సంచీలో వేసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భర్త. ఇప్పుడు నవ్వు లేదు. "రేపు ఉదయం పదింటికి అడ్వాన్సు ఇవ్వాలి. నా పరువేం కావాలి?"

"రేపు ఉదయం తొమ్మిదింటికి నేను ఫీజు కట్టాలి. ముప్పై ఎనిమిది వేలు. మొత్తం ఎనభైలో మీ అన్నదమ్ముల చెమట రెండు వేలండీ, తలా వెయ్యి. నా మిగిలిన వెయ్యి మీకే వదిలేస్తున్నాను," అంది ఆమె సంచీ మూతి ముడి వేస్తూ. "కూర్చున్నచోటు నుంచి లేవకుండా మీ సంపాదన రెట్టింపయింది."